ముందు వాళ్ల ఫోన్ చూడు

తిరుపతి

చిరంజీవి అమ్మాయికి, అత్త ఆశీస్సులు.

పలమనేరులో పని ఒప్పుకున్నావని మీ నాన్న చెప్పాడు. బడి అయ్యాక ఊరి పిల్లలకు వలంటీర్లు పాఠాలు చెప్పే 18 సాయంత్రం సెంటర్లు, వాటితో పాటు తల్లుల సంఘాలు కూడా నీకే అప్పగించారట. సంతోషం. నువ్వు పంపిన ప్లాన్ రెండుసార్లు చదివాను. చాలా కష్టపడి రాశావు. కానీ అందులో ఆరు యాప్‌లు ఉన్నాయి. హాజరుకు ఒకటి, పాఠాలకు ఒకటి, మీటింగులకు ఒకటి, ఫొటోలకు ఇంకొకటి. దాని గురించే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతాను, నువ్వు సగం వింటావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

ఏ యాప్ అనేది తర్వాత చూద్దాం. ముందు ఆ 18 ఊళ్లూ తిరుగు. ప్రతి వలంటీర్ పక్కన కూర్చుని, వాళ్లని అడిగి, వాళ్ల ఫోన్ చూడు. స్టోరేజీ ఎంత మిగిలింది, స్క్రీన్ పగిలిందా, ఛార్జింగ్ సాయంత్రం దాకా నిలుస్తుందా, రీఛార్జ్ ఎవరు చేయిస్తారు, అసలు ఆ ఫోన్ ఆమెదేనా, మొగుడిదా? బైరెడ్డిపల్లె, వి.కోట వైపు కొన్ని చోట్ల సిగ్నల్ కోసం మిద్దె ఎక్కాలి. ఇవన్నీ ఒక నోట్‌బుక్‌లో రాసుకో. అందరిలోకీ ఎవరి ఫోన్ తక్కువ రకందో, ఆ ఫోన్‌లో నడిచేదే నీ ప్లాన్.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను. స్కూల్లో రిటైరయ్యాక ఇక్కడి సంస్థలో చేరిన మొదటి ఏడాది, నేనూ నీలాగే ఉత్సాహంగా నాలుగు యాప్‌లు వేసుకోమని అందరికీ మెసేజ్ పెట్టాను. కార్వేటినగరం దగ్గర ఒక వలంటీర్ మూడు రోజులైనా వేసుకోలేదు. నాలుగో రోజు 'అయిపోయింది మేడం' అని మెసేజ్. తర్వాతి నెల ఆ ఊరికి పోయినప్పుడు మాటల్లో తెలిసింది. ఫోన్‌లో చోటు లేక, కొడుకు మొదటి పుట్టినరోజు వీడియో తీసేసిందట. ఇంకెవరి దగ్గరా అది లేదు. ఆమె ఆ మాట మామూలుగానే చెప్పింది, నా మీద కోపం కూడా లేదు. ఆ నాలుగు యాప్‌లలో రెండు మేము ఆర్నెల్ల తర్వాత వాడటమే మానేశాం. ఇప్పటికీ ఎవరికైనా 'ఒక కొత్త యాప్ ఉంది' అని చెప్పబోతే నాకు ఆ బిడ్డ వీడియోనే గుర్తొస్తుంది.

కాబట్టి మొదటి ఆర్నెల్లూ మూడు చాలు. మాటలకు వాట్సాప్, లెక్కలకు ఒక గూగుల్ షీట్, పాఠాలకు డ్రైవ్‌లో ఒక ఫోల్డర్. షీటూ ఫోల్డరూ చాలా వరకు మీ ఆఫీసువాళ్లు చూసుకుంటారు. వలంటీర్ ఫోన్‌లో వాట్సాప్ ఎలాగూ ఉంది, ఆమె కొత్తగా వేసుకోవాల్సింది ఏమీ లేదు. ఇంకొకటి, వాళ్ల డేటా ఖర్చు బడ్జెట్‌లో పెట్టు. సంస్థ పనికి వాళ్ల సొంత రీఛార్జ్ వాడించుకోవడం న్యాయం కాదు. దీనికి పైవాళ్లతో గట్టిగా మాట్లాడాల్సి వస్తే మాట్లాడు.

వాట్సాప్ గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అందరూ తప్పు చేసేది అక్కడే. ఒక గ్రూప్ పెడతాం, అందులోనే హాజరు, అందులోనే ఫొటోలు, అందులోనే గుడ్ మార్నింగ్ పూలు, పుట్టినరోజు కేకులు. పోయిన నెల నువ్వు చెప్పిన మాట కావాలంటే ఎవరికీ దొరకదు. రెండు గ్రూపులు పెట్టు. ఒకదాంట్లో అడ్మిన్‌లు మాత్రమే మెసేజ్ పెట్టేలా సెట్టింగ్ మార్చు. వారానికి రెండు మూడు మెసేజ్‌లు, అంతే. అందులోకి ఏదైనా వచ్చిందంటే చదివి తీరాలని వాళ్లకు అలవాటవుతుంది. రెండోది వాళ్లది, ఏమైనా మాట్లాడుకోనీ. పూలూ దేవుడి బొమ్మలూ అక్కడ వస్తే విసుక్కోవద్దు, ఊళ్లో ఒంటరిగా పనిచేసే మనిషికి ఆ పలకరింపు కూడా కావాలి. వాయిస్ మెసేజ్ పెడితే ఒక నిమిషం దాటనివ్వకు, ఒక మెసేజ్‌లో ఒకే విషయం చెప్పు. నేను ఏడేసి నిమిషాలవి పెట్టేదాన్ని, ఎవరూ చివరిదాకా వినలేదని చాలా ఆలస్యంగా తెలిసింది.

గ్రూపులో పెట్టకూడనివి కూడా కొన్ని ఉన్నాయి. మీ వైపు కౌండిన్య అడవి నుంచి ఏనుగులు పొలాల మీదికి వస్తాయి కదా. పలానా ఊరి చెరువు దగ్గర ఏనుగులు ఉన్నాయని తెలిస్తే ఆ సాయంత్రం సెంటర్ నడపకూడదు, పిల్లలు చీకట్లో ఆ దారిన రాకూడదు. అలాంటిది గ్రూపులో పెట్టి నీలం టిక్కుల కోసం చూస్తూ కూర్చోవద్దు. ఫోన్ చేయాలి. నువ్వు నలుగురికి, ఆ నలుగురు తలా నలుగురికి. ఎవరు ఎవరికి చేయాలో ముందే కాగితం మీద రాసి ప్రతి సెంటర్ గోడకూ అంటించు. కీప్యాడ్ ఫోన్ ఉన్న తల్లికి కూడా అది చేరుతుంది.

ఇక షీట్ సంగతి. నారాయణవనం వైపు మాకొక సెంటర్ ఉండేది. ఒక సాయంత్రం మరమగ్గం పనికి పోయే ఒక తల్లి ఏడో తరగతి చదివే కూతుర్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. 'మేడం, నా బిడ్డ పదకొండు దినాలు సెంటరుకు రాలేదంటా ఉండారే. మరి దినామూ సాయంత్రం యాడికి పోతా ఉండాది?' అంది. పిల్ల చెంప ఎర్రగా కంది ఉంది. మేమే ఆ ఉదయం తల్లులకు హాజరు మెసేజ్‌లు పంపాం. వలంటీర్ గబగబా తన కాగితం రిజిస్టర్ తీసింది. ఆ పిల్ల ఒక్క రోజు కూడా మానలేదు. పదకొండు రోజులు రానిది వేరే పిల్ల.

జరిగిందేమిటంటే, మా ఆఫీసులో ఒకబ్బాయి కంప్యూటర్‌లో షీట్ తెరిచి, పేర్ల కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి అక్షర క్రమంలో పెట్టాడు. పేర్లు కదిలాయి, హాజరు కదల్లేదు. 300 మందికి పైగా పిల్లల లెక్క ఒక్క నొక్కుతో ఒకరిది ఒకరికి పోయింది. చూడటానికి షీట్ ఎంతో శుభ్రంగా ఉంది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. తర్వాత షీట్ పాత రూపాలను దాచి ఉంచే వర్షన్ హిస్టరీలోకి పోయి ముందు రోజు షీట్ వెనక్కి తెచ్చుకున్నాం, దానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ పిల్ల తిన్న దెబ్బను వెనక్కి తెచ్చే హిస్టరీ ఏదీ లేదు కదా తల్లీ. వాళ్లింటికి పోయి, తల్లి ముందే ఆ పిల్లతో 'తప్పు మాది, నీది కాదు' అని చెప్పి వచ్చాను. నువ్వు కూడా తప్పు జరిగితే మెసేజ్‌లో సారీ పెట్టి ఊరుకోవద్దు, మనిషివి పోయి చెప్పు.

అందుకే నీకు చెప్పేది, కాగితం రిజిస్టర్ తీసేయకు. వలంటీర్ కాగితం మీదే రాస్తుంది, శనివారం ఆ పేజీ ఫొటో తీసి పంపుతుంది, ఆఫీసులో ఇద్దరు షీట్‌లోకి ఎక్కిస్తారు. మార్చే హక్కు ఆ ఇద్దరికే ఇవ్వు, మిగతావాళ్లు చూస్తే చాలు. పేర్ల కాలమ్‌కు లాక్ పెట్టు. 'లింక్ ఉన్న ఎవరైనా మార్చవచ్చు' అనే సెట్టింగ్ జోలికి పోకు. అలా వదిలితే ఎవరు ఏం మార్చారో కూడా సరిగా తెలియదు. తల్లులకు ఏదైనా పంపేముందు నాలుగైదు పేర్లు రిజిస్టర్‌తో పోల్చి చూడు.

పేర్ల దగ్గర ఇంకో చిక్కు ఉంది. మన జిల్లాలో ఒకే సెంటర్‌లో ముగ్గురు మునిలక్ష్ములు ఉంటారు. ఒకరు ఇంటిపేరు ముందు రాస్తారు, సరిహద్దు ఊళ్లలో కొందరు తమిళ పద్ధతిలో తండ్రి పేరులోని అక్షరం ఇనిషియల్‌గా పెట్టుకుంటారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే లక్ష్మి అనే పేరే నాలుగు రకాలుగా వస్తుంది. ప్రతి పిల్లకూ ఒక నంబర్ ఇవ్వు. సెంటర్ నంబర్, దాని పక్కన పిల్ల నంబర్. పేరు మాత్రం తెలుగులో, బడి రిజిస్టర్‌లో ఉన్నట్టే రాయించు. తెలుగు టైపింగ్ రానివాళ్లకు కీబోర్డులోని మైకు నొక్కి మాట్లాడటం నేర్పు. మన చిత్తూరు మాటలు కొన్ని దానికి సరిగా పడవు, అయినా చాలా వరకు పని జరుగుతుంది.

ఇల్లిల్లూ తిరిగి సర్వే చేయాల్సి వస్తే గూగుల్ ఫారమ్ వద్దు, దానికి నెట్ ఉండాలి. కోబో కలెక్ట్ అనే సర్వే యాప్ అయితే నెట్ లేని చోట నింపి, సిగ్నల్ వచ్చాక పంపొచ్చు. సర్వేకు పోయే ఇద్దరు ముగ్గురి ఫోన్లలో వేస్తే చాలు.

పాఠాల విషయానికొస్తే, పిల్లల పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు ఉన్నాయి. 2017లో కేంద్రం మొదలుపెట్టిన దీక్ష యాప్‌తో వాటిని స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించినవి తెరుచుకుంటాయి. ఆఫీసు వైఫైలో ముందే డౌన్‌లోడ్ చేసి, ఒక ట్యాబ్‌లో పెట్టి పంపు. సెంటర్‌లో చక్రం తిరుగుతూ ఉంటే పిల్లలు అయిదు నిమిషాల్లో లేచిపోతారు. కివిక్స్ అని ఇంకొకటి ఉంది, దాంతో తెలుగు వికీపీడియా నెట్ లేకుండా చదువుకోవచ్చు. పిల్లల ఇళ్లలోని ఫోన్ మీద మాత్రం ఆశ పెట్టుకోకు. 2020లో బడులు మూసినప్పుడు నేను కళ్లారా చూశాను. ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ తండ్రితో పాటు పనికి పోతుంది, రాత్రి ఎనిమిదికి వస్తుంది. అప్పుడు ముందు కొడుకు చేతికి పోతుంది, ఆడపిల్లకు అందేసరికి ఛార్జింగ్ ఉండదు. పాఠాలు పంపాం కదా అనుకున్నాం మేము. ఆడపిల్లలకు ఎన్ని గంటలకు ఫోన్ దొరుకుతుందని అడగలేదు. నువ్వు అడుగు.

వలంటీర్లంతా కలిసి స్థానిక పాఠాలు రాయాలన్న నీ ఆలోచన నాకు బాగా నచ్చింది. తోతాపురి మామిడి కాయ తోట నుంచి జ్యూస్ ఫ్యాక్టరీ దాకా పోయే లెక్కలు, పాల డెయిరీ లెక్కలు, ఇవన్నీ మన పిల్లలకు ఇంట్లో తెలిసినవే. ఒకే డాక్యుమెంట్‌లో పదిమంది రాస్తే గందరగోళం అవుతుందని భయపడకు. తెలుగు వికీపీడియా 2003 నుంచీ ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్లతోనే నడుస్తోంది. ప్రతి వ్యాసానికీ పక్కనే ఒక చర్చ పేజీ, ఒక చరిత్ర పేజీ ఉంటాయి. వాదన చర్చలో, విషయం వ్యాసంలో. నువ్వూ అలాగే చేయించు. పాఠంలో ఎవరికైనా నచ్చనిది ఉంటే కొట్టేయకుండా పక్కన కామెంట్ పెట్టాలి, రాసినామె చూసి మార్చాలి. లేకపోతే భయస్తులు రెండో వారానికే రాయడం మానేస్తారు. వాళ్ల దగ్గరే మంచి పాఠాలు ఉంటాయి.

ఆడపిల్లల నంబర్లు, తల్లుల నంబర్లు పెద్ద గ్రూపుల్లో వేయకు. గ్రూపులో ఉన్న అందరికీ నంబర్ కనిపిస్తుంది, రాత్రిపూట ఎవడో మెసేజ్ పెట్టడం మొదలుపెడితే ఆ పిల్ల సెంటర్ మానేస్తుంది, కారణం నీకు ఎప్పటికీ చెప్పదు. తల్లులకు వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడు, ఒకే మెసేజ్ ఎవరికి వాళ్లకు విడిగా పోతుంది, ఒకరి నంబర్ ఇంకొకరికి కనబడదు. నీ నంబర్ వాళ్ల ఫోన్‌లో సేవ్ అయి ఉంటేనే అది చేరుతుంది, కాబట్టి ఊరికి పోయినప్పుడు నువ్వే దగ్గరుండి సేవ్ చేయించు. ఆధార్ ఫొటోలు గ్రూపులో అడగనే అడగొద్దు. పిల్లల ఫొటోలకు తల్లిదండ్రుల ఒప్పుకోలు రాతలో తీసుకో. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం కూడా 18 ఏళ్లలోపు వాళ్ల వివరాలకు పెద్దల అనుమతి కావాలంటుంది. చట్టం లేకపోయినా మనం అడగాల్సిందే.

ట్రైనింగ్ పెట్టినప్పుడు ప్రొజెక్టర్ వద్దు. ఎనిమిది మందికి మించకుండా కింద చాప మీద కూర్చోబెట్టు. ఫోన్ వాళ్ల చేతిలోనే ఉండాలి. వాళ్లు తడబడితే మన చెయ్యి దానంతటదే ముందుకు పోయి ఫోన్ లాక్కుంటుంది, ఆపుకో. ఆమె వేలితో ఆమే నొక్కాలి. ఒక పూట ఒక్క పనే నేర్పు. రిజిస్టర్ పేజీ మీద నీడ పడకుండా, అక్షరం కనబడేలా ఫొటో తీయడం. అంతే, దానికే గంట పడుతుంది.

చివరగా ఒకటి. అకౌంట్లన్నీ సంస్థ పేరుతో తెరిపించు, నీ సొంత మెయిల్‌తో వద్దు. మా దగ్గర ఒకాయన ఉద్యోగం మారి బెంగళూరు పోయాడు. మూడేళ్ల ఫోల్డర్లు ఆయన మెయిల్ కిందే ఉన్నాయి, ఓటీపీ ఆయన ఫోన్‌కే వస్తుంది. మంచివాడు కాబట్టి రాత్రిళ్లు మేలుకుని అన్నీ అప్పగించాడు. పాస్‌వర్డులు ఒక కాగితం మీద రాసి కవర్‌లో పెట్టి బీరువాలో ఉంచండి, తాళం ఇద్దరి దగ్గర ఉండాలి.

వచ్చే శనివారం పొద్దున బస్సుకు పలమనేరు వస్తున్నాను. అప్పటికి కనీసం అయిదు ఊళ్ల ఫోన్లు చూసి నోట్‌బుక్‌లో రాసి ఉంచు. ఆరో ఊరికి ఇద్దరం కలిసి పోదాం. నీకిష్టమైన నువ్వుల పొడి తెస్తాను.

మీ అత్త