పాత లాప్‌టాప్‌లో విండోస్ వేయడానికి 100 డాలర్లా?

ప్రశ్న: అన్నా, ఆగస్టులో ఎమ్మెస్‌కి డాలస్ వచ్చాను. 150 డాలర్లకు పాత థింక్‌ప్యాడ్ టీ480 కొన్నాను. అమ్మినవాళ్ళ ఫైళ్ళు ఇంకా అందులోనే ఉన్నాయి. అంతా తుడిచి విండోస్ మళ్ళీ వేయడానికి షాపులో 100 డాలర్లు అడుగుతున్నారు. ఇచ్చెయ్యమంటారా?

తమ్ముడూ, ఇవ్వకు. వచ్చి నాలుగు నెలలు కాలేదు, అప్పుడే వంద డాలర్లు ‘ఇచ్చెయ్యమంటారా’ దాకా వచ్చావు. ఒకసారి మీ నాన్నగారికి ఫోన్ చేసి వంద డాలర్లంటే ఎంతో అడుగు, ఆయనకి నోటికొచ్చు. నేను వచ్చి 17 ఏళ్ళు దాటింది, ఇల్లు కొన్నాను, అయినా కొత్తిమీర కట్ట చేతిలోకి తీసుకుంటే రూపాయల లెక్క దానంతటదే నడుస్తుంది.

షాపుకి వెళ్ళొద్దంటున్నది అనుభవంతోనే. 2009 జనవరిలో క్రెయిగ్స్‌లిస్ట్ అనే పాత సామాన్ల ప్రకటనల సైట్‌లో చూసి, ఒక పార్కింగ్ లాట్‌లో 180 డాలర్లు చేతిలో పెట్టి లాప్‌టాప్ తెచ్చుకున్నాను. అందులో విస్టా అనే అప్పటి విండోస్ ఉంది, ర్యామ్ ఒక్క జీబీ. ఆన్ చేసి అన్నం వండుకుని వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉండేది. నేనా బీటెక్ చదివినవాణ్ణి. పైగా సూట్‌కేసులో ఆవకాయ ప్యాకెట్ల కింద అమీర్‌పేటలో 50 రూపాయలకు కొన్న ఎక్స్‌పీ (విస్టాకి ముందటి విండోస్) సీడీ ఉంది. ఇంకేం కావాలి?

సీడీ పెట్టగానే నీలం తెర. ఎక్స్‌పీకి ఆ హార్డ్‌డిస్క్ కనబడటం లేదని, బయాస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెర) డిస్క్ తాలూకు సాటా సెట్టింగు మార్చాలని తెలిసేసరికి రాత్రి రెండయింది. తర్వాత డిస్కులో పార్టిషన్ల, అంటే డిస్కుని విడగొట్టిన ముక్కల, జాబితా వచ్చింది. ఒక మూల పది జీబీల ముక్క ఉంది. పాతవాడు దాచుకున్న చెత్త అనుకుని డిలీట్ కొట్టాను. కంపెనీ ఇచ్చిన అసలు విండోస్ మొత్తం ఆ ముక్కలోనే ఉందట! ఎక్స్‌పీ ఎక్కింది, కానీ నెట్ లేదు, సౌండ్ లేదు. నెట్ రావాలంటే డ్రైవర్ (ఆ భాగాన్ని నడిపే చిన్న సాఫ్ట్‌వేర్) కావాలి, డ్రైవర్ కావాలంటే నెట్ కావాలి. ఆ చలిలో రెండు రోజులు లైబ్రరీకి నడిచి, పెన్‌డ్రైవ్‌లో ఒక్కొక్కటే మోసుకొచ్చాను. అంతా కుదిరిందనుకున్న వారానికి గంటకోసారి డెస్క్‌టాప్ నల్లబడటం మొదలైంది. సీడీ దొంగదని దానికి తెలిసిపోయింది.

చివరికి షాపుకే పోయాను. అక్కడి కుర్రాడు లాప్‌టాప్ తిప్పి, అడుగున చిన్న స్టిక్కర్ చూపించాడు. దాని మీద 25 అక్షరాల కీ ఉంది. ‘నీ లైసెన్సు ఇదే కదా’ అని దాంతోనే విస్టా వేసి 130 డాలర్లు తీసుకున్నాడు. మూడు వారాలు నా ఒళ్ళోనే ఉంది ఆ స్టిక్కర్! 130 అంటే అప్పట్లో క్యాంపస్ క్యాంటీన్‌లో దాదాపు 19 గంటలు ప్లేట్లు కడగాలి. మొత్తం 310. డాలరు 48 రూపాయలున్న రోజుల్లో పదిహేను వేలకు దగ్గర. మా నాన్నకి ఇప్పటికీ చెప్పలేదు.

నీ పని ఇంతకన్నా చాలా తేలిక. టీ480లో సాధారణంగా ఎనిమిదో తరం ప్రాసెసర్ ఉంటుంది. సిస్టమ్ వివరాల్లో ఐ5-8350యూ లాంటిది కనిపిస్తే, డ్యాష్ తర్వాతి 8 అంకె అదే. విండోస్ 11కి అది చాలు. 6, 7 అయితే కుదరదని మైక్రోసాఫ్ట్ అంటుంది, ఆ రూల్స్ వాళ్ళ సైట్‌లో చూసుకో. విండోస్ 10కి మాత్రం మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి.

తుడిచే ముందు ఒక పని చెయ్యి. ఆన్ చేస్తూ ఎఫ్1 నొక్కు. బయాస్ పాస్‌వర్డ్ అడిగితే అక్కడే ఆగి, అమ్మినవాడికి ఫోన్ చెయ్యి. థింక్‌ప్యాడ్‌లో ఆ సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ మర్చిపోతే మదర్‌బోర్డే మార్చమంటారు. ఇలాంటివి ఎక్కువగా ఆఫీసుల్లో వాడి తీసేసినవి. కొన్నిటిని ఆ కంపెనీ తన లెక్కల్లోంచి తీయించదు. మా ఇంటి దగ్గర ఒక కుర్రాడు శుభ్రంగా అంతా తుడిచి విండోస్ వేసి వైఫై కలిపాడు, వెంటనే ‘స్వాగతం, మీ ఆఫీసు ఈమెయిల్‌తో లాగిన్ అవ్వండి’ అని ఏదో కంపెనీ పేరు వచ్చింది. ఎన్నిసార్లు వేసినా అదే. ఆటోపైలట్ అంటారు, ఆ కంపెనీవాళ్ళు తీస్తేనే పోతుంది. నీకూ అలా వస్తే కుస్తీ పట్టకు, లాప్‌టాప్ తిరిగిచ్చి డబ్బు తెచ్చుకో. అందుకే అమ్మినవాడి నంబరు ఇంకొన్నాళ్ళు ఫోన్‌లో ఉంచు.

ఇక మిగిలింది ఒక సాయంత్రం పని. 8 జీబీ పెన్‌డ్రైవ్ కొనకు, రూమ్మేట్ల దగ్గర కచ్చితంగా ఉంటుంది. కానీ దాంట్లోవన్నీ చెరిగిపోతాయి, వాళ్ళక్క పెళ్ళి ఫోటోలుంటే ముందే తీయించు. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించి, దాంతో పెన్‌డ్రైవ్ తయారు చెయ్యి. లాప్‌టాప్ ఆన్ చేస్తూ ఎఫ్12 నొక్కి పెన్‌డ్రైవ్ ఎంచుకో. కీ అడిగితే ‘నా దగ్గర లేదు’ అను. లైసెన్సు మదర్‌బోర్డుకే అంటుకుని ఉంటుంది, నెట్ కలవగానే అదే యాక్టివేట్ అవుతుంది. ముందున్నది విండోస్ ప్రో రకం అయితే ప్రోనే వెయ్యి, హోమ్ వేస్తే గొడవ. పార్టిషన్లన్నీ ఈసారి ధైర్యంగా తీసెయ్. నేను తీసింది తప్పే గానీ, నీ దగ్గర పెన్‌డ్రైవ్ ఉంది. వైఫై దొరక్కపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కలిపి, ఫోన్ నెట్ లాప్‌టాప్‌కి ఇచ్చే యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చెయ్యి. ఆఫీస్ సాఫ్ట్‌వేర్ కొనకు, చాలా యూనివర్సిటీలు తమ ఈమెయిల్‌తో ఉచితంగానే ఇస్తాయి.

విండోస్‌కి బదులు లైనక్స్ వేసుకోమని రూమ్మేట్లు అంటారు. బాగుంటుంది, డబ్బు కూడా పట్టదు. కానీ కొన్ని కోర్సుల పరీక్షలకు పెట్టే లాక్‌డౌన్ బ్రౌజర్ (పరీక్ష మధ్యలో ఇంకేదీ తెరవనివ్వనిది) దాని మీద నడవదు. పరీక్ష రోజు ఆ టెన్షన్ నీకెందుకు?

అవునూ, ఛార్జర్ ఇచ్చాడా? నేను అడగడం మర్చిపోయాను, ఇంకో 35 డాలర్లు పోయాయి. పైన చెప్పిన 310లో అది లేదు.