కావలిలో ఇల్లు కట్టబోతున్న మేనల్లుడికి

అబ్బయా,

నువ్వు పంపిన ప్లాన్ ఫోన్లో కళ్లకు ఆనలేదు. జెరాక్స్ షాపులో పెద్ద కాగితం మీద ప్రింటు తీయించి రెండు రోజుల నుంచి టేబుల్ మీద పరుచుకుని చూస్తున్నాను. "ఎట్టా ఉందత్తా?" అని రాత్రి నువ్వు అడిగితే బాగుందని చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు. ఫోన్లో చెబితే సగం నువ్వు మర్చిపోతావు, సగం నేను మర్చిపోతాను, అందుకే రాస్తున్నా. నువ్వూ కోడలు అమ్మాయీ కలిసి కూర్చుని చదవండి.

ప్లాన్‌లో తప్పేమీ లేదు. మూడు బెడ్‌రూములు, హాలు, పూజగది, వంటిల్లు, ఏ దిక్కున ఉండాల్సినవి ఆ దిక్కున ఉన్నాయి. కానీ మీ ఇంట్లో మనుషులెవరూ నాకు అందులో కనపడలేదు. మోకాళ్ల నొప్పులతో మీ అమ్మ ఎక్కడ పడుకుంటుంది? రాత్రి పదింటికి ఆఫీసు వాళ్లతో మాట్లాడుతుంటావు కదా, పాప నిద్ర చెడకుండా ఎక్కడ కూర్చుంటావు? పొలం నుంచి మీ నాన్న తెచ్చే బియ్యం బస్తాలు ఎక్కడ దించుతారు? ఆర్కిటెక్ట్‌ది తప్పనడం లేదు. ఆయనకు ఏం చెప్పావని అడిగితే "త్రీ బీహెచ్‌కే, ఈస్ట్ ఫేసింగ్, మోడ్రన్‌గా కావాలన్నాను" అన్నావు. నువ్వు చెప్పిందే ఆయన గీశారు.

నేనూ అట్టాగే చెప్పాను. 1998లో నెల్లూరు వేదాయపాళెంలో మా ఇల్లు కట్టేటప్పుడు గదుల లెక్క చెప్పి, ఎవరిదో ఇల్లు చూపించి, అట్టాంటిది కావాలన్నాను. నేను స్కూలు నుంచి సాయంత్రం నాలుగున్నరకు వచ్చి నేరుగా వంటింట్లోకి వెళ్తానని చెప్పలేదు. వంటిల్లు వాయవ్యంలో పెట్టారు, పొయ్యి గట్టు పడమటి కిటికీ కింద వచ్చింది. మే నెలలో ఆ టైముకు ఎండ సూటిగా ముఖం మీద పడేది, ఆ వేడిలోనే పాతికేళ్లు వండాను. అది ఎట్టాగో భరించాను గానీ, మా అత్తగారి విషయం ఇప్పటికీ బాధగానే ఉంది. ఆమె గదికి ఆనుకున్న బాత్‌రూముకు రెండడుగుల తలుపు, లోపల నీళ్లు బయటికి రాకుండా ఆరంగుళాల గట్టు. డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో ఆ గట్టు తగిలి పడింది, తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయి వచ్చాక వాకర్ ఆ తలుపులో పట్టలేదు. గోడ పగలగొట్టించి మూడడుగుల తలుపు పెట్టించేసరికి ఆమె మంచానికే పరిమితమైపోయింది. ప్లాన్ గీసే రోజు "మా ఇంట్లో పెద్దావిడ ఉంది" అని ఒక్క ముక్క చెప్పి ఉంటే, కాగితం మీద ఒక గీత జరిపితే అయిపోయే పని అది. ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

అందుకని నువ్వు ముందు ఒక నోటు పుస్తకం తీసుకుని, మీ ఇంట్లో ఒక రోజు పొద్దున నుంచి రాత్రి దాకా ఎట్టా గడుస్తుందో రాయి. గదుల పేర్లు వద్దు, పనులు రాయి. ఎవరు ఎన్నింటికి లేస్తారు, ముందు ఏ గదిలోకి వెళ్తారు, పాల ప్యాకెట్ ఎవరు అందుకుంటారు, స్కూలు బ్యాగు ఎక్కడ పడేస్తారు. చేపలు తెచ్చిన రోజు వాటిని కడిగేది ఎక్కడ? నెల్లూరు జిల్లాలో ఇల్లు కడుతూ పెరట్లో కుళాయి, నడుము ఎత్తున గట్టు, నీళ్లు పోయే దారి లేకపోతే ఆ వాసనంతా వంటింటి సింకులోనే ఉంటుంది. నవంబరు ముసురులో వారం రోజులు బట్టలు ఎక్కడ ఆరతాయి, గ్యాస్ బండ ఏ దారిన లోపలికి వస్తుంది, సంక్రాంతికి ఇరవై మంది వస్తే రాత్రి ఎక్కడ పడుకుంటారు, ఊరగాయ ముక్కలు ఎండబెట్టడానికి మేడ మీదకు బుట్ట మోసుకెళ్లేది ఎవరు, అన్నీ రాయి. అమ్మాయిని విడిగా రాయమను, మీ అమ్మ చెబుతుంటే పక్కన కూర్చుని నువ్వు రాసుకో. ఆడవాళ్లు ఇంట్లో ఎక్కువ సేపు ఉంటారు, ప్లాన్ దగ్గర మాత్రం వాళ్లను చివర్లో అడుగుతారు. ఆ పొరపాటు నువ్వు చేయొద్దు. ఈ మూడింటినీ ఆర్కిటెక్ట్ చేతిలో పెట్టు. ఇంటర్నెట్‌లో ఏరిన నలభై ఫోటోల కన్నా ఆయనకు ఇవే ఎక్కువ పనికొస్తాయి. ఫోటో చూపించినా, అందులో నీకు ఏం నచ్చిందో నోటితో చెప్పు, వెలుతురా, ఎత్తా, రంగా అని.

కొలతలు చెప్పేటప్పుడు అంకణాల్లో చెప్పొద్దు. మన దగ్గర అంకణమంటే 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు 36. నీ స్థలం 30 అంకణాలు, అంటే 2160 చదరపు అడుగులు, అయిదు సెంట్లకు కాస్త తక్కువ. దస్తావేజులో 36 బై 60 అని రాసి ఉంది సరే, స్థలంలో నాలుగు వైపులా టేపు పెట్టి, మూలలకు అడ్డంగా కూడా కొలిపించు. ఒక మూల అడుగు లోపలికి ఉందని పునాది తీసే రోజు తెలిస్తే ప్లాన్ అంతా కదులుతుంది. చుట్టూ ఎంత ఖాళీ వదలాలనేది స్థలం సైజును బట్టి, ముందున్న రోడ్డు వెడల్పును బట్టి రూల్స్ ఉంటాయి, అది తీసేశాక మిగిలేదే ఇల్లు.

ఎండ, గాలి, వాన సంగతి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే మన ఊళ్లో ఇల్లు సుఖంగా ఉండేదీ లేనిదీ వాటి వల్లే. రోహిణి కార్తెలో వడగాలి పడమటి నుంచి కొడుతుంది. సాయంత్రం చల్లగా వచ్చేది సముద్రం వైపు నుంచి, తూర్పు గాలి. అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, జల్లు ఎక్కువగా తూర్పు నుంచీ ఈశాన్యం నుంచీ అడ్డంగా కొడుతుంది. నీది తూర్పు ముఖం ఇల్లు కాబట్టి గాలీ వానా రెండూ వీధి వైపు నుంచే వస్తాయి. ఎలివేషన్ కోసం ముందు పంచ, అదే వరండా, తీసేసి పెద్ద అద్దాలు పెట్టారు చూడు, అది నాకు నచ్చలేదు. అయిదారు అడుగుల పంచ ఉంటే ముసురులోనూ కిటికీలు తెరుచుకోవచ్చు, చెప్పులు విప్పుకోవచ్చు, మీ నాన్న పేపరు చదువుకుంటాడు. తూర్పున కిటికీ పెట్టగానే గాలి రాదు, అది బయటికి పోవడానికి ఎదురు గోడలో పైన చిన్న కిటికీ అయినా ఉండాలి. పడమటి వైపు మెట్లు, బాత్‌రూములు, సామాన్ల గది పెట్టిస్తే వేడిని అవి తీసుకుంటాయి. నైరుతిలో మీ బెడ్‌రూము వాస్తు ప్రకారం తప్పదు అంటావు, సరే. దాని పడమటి గోడ పొడవునా బీరువాలు కట్టించు, కిటికీ దక్షిణానికి మార్చమను, ఖాళీ స్థలంలో వేప మొక్క ఇప్పుడే నాటు. ఇల్లు అయ్యేసరికి అది నీ ఎత్తుకు వస్తుంది.

బేస్‌మెంటు ఎత్తు దగ్గర మాత్రం పొదుపు చేయొద్దు. 2015 నవంబరు వానలు చూశాం, 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి పొర్లుకట్ట వైపు ఇళ్లల్లోకి నీళ్లు వచ్చినప్పుడూ చూశాం. పైగా రోడ్డు వేసినప్పుడల్లా పాతదాని మీదే కొత్తది వేస్తారు, ఇరవై ఏళ్లకు మన గేటు పల్లంలో పడుతుంది. రోడ్డు మట్టం కన్నా మూడడుగులకు తగ్గకుండా లేపించు. మీ అమ్మకు మెట్లు కష్టమంటావు, పక్కన వాలుగా ర్యాంపు వేయమను. ఎత్తు అడుగుకు పన్నెండు అడుగుల పొడవు ఉంటే చక్రాల కుర్చీ కూడా సులువుగా ఎక్కుతుంది. మూడడుగుల ఎత్తుకు 36 అడుగులు కావాలి కాబట్టి పక్క సందులో వచ్చేట్టు ఇప్పుడే గీయించు.

కావలికి సముద్రం దగ్గర, తుమ్మలపెంట ఎంత దూరమని. ఉప్పు గాలికి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది, శ్లాబు పెచ్చులు ఊడేది అందుకే. కడ్డీల మీద కాంక్రీటు మందం ఎంత ఉండాలో స్ట్రక్చరల్ ఇంజినీరు రాసిస్తారు, ఆ మందం వచ్చేట్టు కడ్డీల కింద పెట్టే చిన్న దిమ్మెలు, కవర్ బ్లాకులు, పెట్టకుండా శ్లాబు పోయనివ్వొద్దు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే అవి కాంక్రీటు కలపడానికి పనికిరావు, టెస్ట్ చేయించు. మట్టి పరీక్ష కూడా. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు తీస్తుంది, పునాది ఏ రకమో దాన్ని బట్టే తేలుతుంది. 2024 డిసెంబరులో ప్రకాశం జిల్లా ముండ్లమూరు, తాళ్లూరు వైపు భూమి కంపిస్తే జనం వీధుల్లోకి పరిగెత్తారు కదా, స్తంభాల లెక్క ఇంజినీరుకే వదిలెయ్, మేస్త్రీ అంచనాకు వదలొద్దు.

ఇక ఆర్కిటెక్ట్‌తో ఎట్టా నడుచుకోవాలో చెప్తాను. ముందు ఆయన రిజిస్ట్రేషన్ నంబరు అడుగు, అందులో మొహమాటం ఏమీ లేదు. 1972 నాటి ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్టర్ అయినవాళ్లే ఆ పేరు పెట్టుకోవాలి. ఫీజు ఎంతో ఒక్కటే కాదు, ఆ ఫీజులో ఏమేం వస్తాయో కూడా కాగితం మీద రాయించుకో. మున్సిపాలిటీలో అప్రూవల్‌కు ఇచ్చే ప్లాన్ వేరు, కట్టడానికి కావాల్సిన డ్రాయింగులు వేరు. చాలామంది మొదటిది చేతికి రాగానే పని అయిపోయిందనుకుని దాంతోనే ముగ్గు పోయిస్తారు, ఆ తర్వాత స్విచ్చి బోర్డు ఎక్కడ, డ్రైనేజీ పైపు ఎక్కడ అని రోజూ గొడవ. కరెంటు, ప్లంబింగు, తలుపులు కిటికీలు, మెట్లు, స్ట్రక్చరల్, ఇవన్నీ ఇస్తారా, ఎన్నిసార్లు సైటుకు వస్తారు, ప్లాన్ ఎన్నిసార్లు మారుస్తారు, ఇవి ముందే తేల్చుకో. డబ్బు పని జరిగే కొద్దీ విడతలుగా ఇవ్వు, ఒప్పుకున్న రోజుకు మాత్రం ఇచ్చెయ్. ఫీజు ఆలస్యం చేసి మంచి పని అడగడం న్యాయం కాదు.

బడ్జెట్ నిజం చెప్పు. నీ దగ్గర ఉన్నదానికన్నా తక్కువ చెబితే ఆయన వంటింట్లో కోత పెడతారు, ఎక్కువ చెబితే మధ్యలో పని ఆగుతుంది. బోరు, సంపు, ప్రహరీ, కరెంటు మీటరు, చెక్క పని, గృహప్రవేశం, ఇవన్నీ కలిపి లెక్క వేసుకో, పైన పదో వంతు ఎవరికీ చెప్పకుండా పక్కన పెట్టు.

వాస్తు చూసే ఆయన ఒక్కరే ఉండాలి, మొదటి రోజే ఆర్కిటెక్ట్‌తో కలిపి కూర్చోబెట్టు. శ్లాబు పోశాక ఎవరో బంధువు తెచ్చిన ఇంకొకాయన మాట విని మెట్లు పగలగొట్టించిన ఇళ్లు నాకు తెలుసు. అట్టాగే మీ ఇంటి తరఫున మాట్లాడేది ఒక్కరే ఉండండి. నువ్వు ఒకటి, మీ నాన్న ఒకటి, మీ మామగారు ఒకటి చెబితే ఆయన ఎవరి మాట వినాలి? ఇంట్లో వాదించుకోండి, ఆయన దగ్గరకు ఒకే మాటతో వెళ్లండి. ఏది మార్చినా వాట్సాప్‌లో రాసి పెట్టు, తేదీ ఉంటుంది.

మేస్త్రీ మంచివాడే, అనుభవం ఉన్నవాడు, ఆయన చెప్పేది విను. కానీ సైటులో నిలబడి "ఈ గోడ అడుగు జరుపుదాం సార్, హాలు పెద్దదవుతుంది" అన్నప్పుడు సరే అనొద్దు. మీ మామయ్య ఆ మాట విన్నాడు. హాలు అడుగు పెరిగింది, అవతల గది పది బై పదకొండు అడుగులు అయింది. మంచం ఆరడుగుల వెడల్పు, ఆరున్నర పొడవు, బీరువా రెండడుగుల లోతు. మంచం కాళ్ల వైపు రెండున్నర అడుగులు మిగిలింది, బీరువా తలుపు తెరిస్తే మనిషి నిలబడలేడు. ఆ గదిలో బట్టలు తీసుకోవాలంటే ఇప్పటికీ మంచం మీద కూర్చోవాలి. జరపాలంటే ఆర్కిటెక్ట్‌కు ఫోన్ చేసి, ఆయన గీసి పంపాక జరపండి. ఒక రోజు పని ఆగినా పర్వాలేదు. మెట్లకూ అంతే, పదిన్నర అడుగుల ఎత్తు ఎక్కాలంటే ఏడంగుళాల చొప్పున 18 మెట్లు, ఆరంగుళాలైతే 21. చోటు కలిసొస్తుందని 18కి దించుతామంటారు. మీ అమ్మ మోకాళ్లు గుర్తుపెట్టుకుని 21 అని చెప్పు.

2014లో ఒంగోలులో మా అమ్మాయి ఇల్లు కట్టినప్పుడు ఇవన్నీ చేశాం. పునాది తీయకముందే ప్లాన్ మొత్తం ముగ్గుపిండితో స్థలం మీద గీశాం, అసలు కొలతతో. మంచం ఉన్న చోట చాప పరిచాం, పొయ్యి దగ్గర ఇటుకలు పేర్చాం. మా అమ్మాయి గేటు నుంచి కూరగాయల సంచితో వంటింటి దాకా నడిచి, "అమ్మా, హాలు మధ్యలోంచి వెళ్లాల్సి వస్తోంది, చుట్టాలు కూర్చుంటే ఎట్టా?" అంది. ఆర్కిటెక్ట్ అమ్మాయి అక్కడే ఉంది, పక్క సందు నుంచి వంటింటికి ఇంకో తలుపు అక్కడికక్కడే గీసింది. ఆ తలుపుకు మాకు అయింది రెండు గుప్పెళ్ల ముగ్గుపిండి.

ఈ ఆదివారం పొద్దున్నే మొదటి బస్సుకు కావలి వస్తాను. స్థలంలో కంప కొట్టించి శుభ్రం చేయించు, వంద అడుగుల టేపు ఒకటి కొను, ముగ్గుపిండి నేను తెస్తాను. ఆర్కిటెక్ట్ గారిని కూడా రమ్మని అడుగు, ఎండ ఎక్కకముందే అయిపోతుందని చెప్పు. మీ అమ్మను తప్పకుండా తీసుకురా, ఒక ప్లాస్టిక్ కుర్చీ కూడా. ఆమె గది గీసిన చోట వేసి కూర్చోబెడదాం, అక్కడి నుంచి బాత్‌రూముకు ఆమెకు ఎన్ని అడుగులు పడతాయో లెక్కపెడదాం.

మీ అత్త