రాని బొమ్మని రాలేదనే చెప్పు

చిట్టితల్లీ,

అహ్మదాబాద్‌లో వాతావరణ ఉపగ్రహాల డేటా దగ్గర రెండు నెలల ఇంటర్న్‌షిప్ వచ్చిందని నీ మెసేజ్ చూశాను. మీ అమ్మ అప్పటికే రెండుసార్లు ఫోన్ చేసింది, ఏ సూట్‌కేస్ సర్దాలని. నువ్వడిగింది వేరు: "పెద్దమ్మా, చేరేలోపు మెషీన్ లెర్నింగ్ ఇంకాస్త చూసుకోనా?" అక్కర్లేదు. నీకు పడే పని బహుశా అది కాదు. ఫైళ్లు వస్తున్నాయా, పూర్తిగా వచ్చాయా, వేళకి వచ్చాయా, రాకపోతే ఆ సంగతి ఎవరికైనా తెలిసిందా. మొదటి నెల ఇదే. నేను రిటైరయ్యేదాకా చేసింది కూడా చాలావరకు ఇదే.

చేరేలోపు ఒక రోజు డేటా నీ చేత్తో తిప్పి చూడు. ఇస్రో వాళ్ల మోస్‌డాక్ సైట్‌లో రిజిస్టరయ్యి, 2023 డిసెంబరు 5 నాటి ఇన్‌శాట్-3డీఆర్ అనే వాతావరణ ఉపగ్రహం ఫైళ్లు తెచ్చుకో. మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజది. అరగంటకొకటి చొప్పున రోజుకి 48 రావాలి. 48 ఉన్నాయా లేదా అన్నది ముందు లెక్కపెట్టు, బొమ్మలు తర్వాత.

ఫైలు పేరులో 0815 అని ఉంటే ఉదయం ఎనిమిదింబావు అనుకునేవు. అది యూటీసీ, అంటే ప్రపంచమంతా వాడే ప్రామాణిక సమయం. మనకి ఐదున్నర గంటలు కలపాలి, అంటే మధ్యాహ్నం 1.45. ఇంకో చిక్కుంది. అర్ధరాత్రి దాటి 5వ తేదీ మొదలయ్యాక 1.15కి తీసిన బొమ్మ 4వ తేదీ 1945 పేరుతో ఉంటుంది. అంటే మన లెక్కలో 5వ తేదీ పూర్తిగా కావాలంటే నాలుగున కూడా వెతకాలి. పైగా పేరులో ఉన్నది స్కాన్ మొదలైన సమయం. భూగోళం ఈ చివర నుంచి ఆ చివరికి స్కాన్ కావడానికి 26 నిమిషాల దాకా పడుతుంది కాబట్టి, బొమ్మలో ఉత్తరాన ఉన్న మేఘానికీ దక్షిణాన ఉన్నదానికీ ఒకే సమయం అంటగట్టకు.

పేర్లలో తేదీ ముందు, నెల ఇంగ్లీషు మూడక్షరాల్లో, ఆ తర్వాత సంవత్సరం. అలాగే వరస పెడితే మార్చి 2 వచ్చి ఫిబ్రవరి 17 కంటే ముందు కూర్చుంటుంది. ఎవరు పెట్టారో ఈ పద్ధతి! ఇంతమంది ఏళ్ల తరబడి వాడుతున్నారు కాబట్టి ఇక మారదు. తేదీని విడదీసి సరైన రూపంలోకి మార్చుకున్నాకే వరస పెట్టు.

థర్మల్ చానెల్‌లో, అంటే వేడిని కొలిచే బొమ్మలో, కనబడే అంకెలు డిగ్రీలు కావు. 0 నుంచి 1023 దాకా ఉండే కౌంట్లు. వాటిని కెల్విన్‌లోకి మార్చే పట్టిక అదే ఫైల్లో ఉంటుంది. మార్చాక తుఫాను నడిమేఘం మీద చూడు, మైనస్ 60, మైనస్ 70 సెల్సియస్ ప్రాంతంలో ఉండాలి. ప్లస్ 30 వచ్చిందంటే నువ్వు చదివింది మేఘాన్ని కాదు.

ఇంకో పని. ఒక ఫైలుని కావాలని సగానికి కోసి నీ ప్రోగ్రాంకి పెట్టు. ఆ ప్రోగ్రాం గట్టిగా ఏడవాలి. నోరు మూసుకుని తర్వాతి ఫైలుకి వెళ్లిపోయిందంటే ఎక్కడో ఎర్రర్‌ని మింగేశావన్నమాట. అసలు పనిలో సగం దిగిన ఫైళ్లు రోజూ తగులుతాయి. అందుకే ముందు వేరే పేరుతో దించి, పూర్తయ్యాకే అసలు పేరు పెట్టు.

ఇదంతా ఎందుకు నొక్కి చెబుతున్నానో అర్థం కావాలంటే నా తప్పొకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. కొత్త బొమ్మ రానప్పుడు స్క్రీన్ ఖాళీగా ఉంటే బాగోదని, పాతదాన్నే చూపిస్తూ ఉండేలా చిన్న స్క్రిప్టు రాశాను. నాకు నేనే భుజం తట్టుకున్నాను కూడా. ఒక తుఫాను రాత్రి డ్యూటీలో ఉన్న ఫోర్‌కాస్టర్ ఫోన్ చేశారు: "అమ్మా, ఈ మేఘం రెండు గంటల నుంచి కదలడం లేదు. తుఫాను ఆగిందా, మీ కంప్యూటర్ ఆగిందా?"

ఉపగ్రహం డేటా వచ్చే లింకు పోయి రెండు గంటలైంది. ఎవరికీ తెలియలేదు, ఎందుకంటే బొమ్మ మూలన టైము మాత్రం నిమిషం తప్పకుండా మారుతోంది. నేను దాన్ని ఫైల్లోంచి కాకుండా కంప్యూటర్ గడియారం నుంచి తీసుకున్నాను. ఆయన కళ్లు చురుకైనవి కాబట్టి సరిపోయింది. తెల్లారేలోపు మార్చేశాను: టైము ఫైల్లోంచే, బొమ్మ వయసు 45 నిమిషాలు దాటితే చుట్టూ ఎర్ర పట్టీ. స్క్రీన్ అందం పోయిందని ఒకరిద్దరు సణిగారు. సణగనీ అనుకున్నాను.

అలాగని రాని ప్రతి ఫైలూ తప్పు కాదు. మార్చి, సెప్టెంబరు నెలల చుట్టూ ఈ ఉపగ్రహాలు రాత్రి కొంతసేపు భూమి నీడలోకి వెళ్తాయి, ఎక్కువలో ఎక్కువ 72 నిమిషాలు. ఆ రోజుల్లో షెడ్యూల్ మారొచ్చు. ఆ షెడ్యూల్ ఎక్కడుంటుందో మొదటి వారంలోనే అడిగి తెలుసుకో. లేకపోతే అర్ధరాత్రి అలారం మోగించి అందర్నీ లేపుతావు, మూడోసారికి నీ అలారం ఎవరూ పట్టించుకోరు.

ఇలాంటి చోట్ల పని కంప్యూటర్లకి చాలాసార్లు ఇంటర్నెట్ ఉండదు, పెన్‌డ్రైవ్ పెట్టనివ్వరు. ఏ లైబ్రరీ కావాలన్నా అడిగి పెట్టించుకోవాలి. ఆ నాలుగు రోజులూ టెన్షన్ పడకుండా పాత కోడ్ చదువు. ఫోర్‌ట్రాన్ అనే పాత ప్రోగ్రామింగ్ భాషలో పాతికేళ్ల నాటి కోడ్ కనబడితే నవ్వకు, రాసినాయన పక్క గదిలోనే ఉండొచ్చు. భోజనం సంగతి, పప్పు తియ్యగా ఉంటుంది. వారంలో అలవాటవుతుంది.

అన్నట్టు, ఇదే వరసలో తర్వాతి ఉపగ్రహం ఇన్‌శాట్-3డీఎస్ 2024 ఫిబ్రవరి 17 సాయంత్రం శ్రీహరికోట నుంచి లేచినప్పుడు నెల్లూరులో మేడ మీద నుంచి చూశానని మీ తాతయ్య ఇప్పటికీ అందరికీ చెబుతుంటారు. దాని ఫైళ్లు నీ చేతికొస్తే ఆయనకి ఫోన్ చేసి చెప్పు.

ఆదివారం లోపు ఆ బాపట్ల బొమ్మ నాకు పంపు. మూలన టైము వెయ్యి. యూటీసీయా మనదా అన్నది కూడా రాయి.

నీ పెద్దమ్మ