పల్లెటూళ్లలో డిగ్రీ విద్యార్థులు ఆన్‌లైన్ పాఠాలను ఎందుకు వాడుకోవడం లేదు?

అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఐఐటీ మాస్టార్ల వీడియో పాఠాలుండే ఎన్‌పీటెల్, కేంద్ర ప్రభుత్వపు ఆన్‌లైన్ వేదిక స్వయం, ఈ రెండింటి పాఠాలూ ఉచితం, అయినా ఎందుకు వాడుకోరని అడిగారు. వాడుకుంటున్నామండీ. మీకు కనబడడం లేదంతే.

మాది ముమ్మిడివరం దగ్గర ఒక ఊరు. నేను డిగ్రీ చదివేటప్పుడు మా ఇంట్లో నలుగురికి నెట్ వచ్చే ఫోను ఒక్కటే. అదీ పగలంతా నాన్న జేబులో, రొయ్యల చెరువు గట్టు మీద. ముప్పై కౌంట్, అంటే కిలోకు ముప్పై తూగే రొయ్యల ధర ఎంత పలికిందో ఆయనకు తెలియాలి కదా! నా చేతికి వచ్చేసరికి రాత్రి తొమ్మిది. మరి పగలు పదకొండింటికి పెట్టే లైవ్ క్లాసులు ఎవరికోసమో నాకిప్పటికీ అర్థం కాదు.

2022 మే నెలలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. సరిగ్గా అప్పుడే మా కాలేజీ సైటులో అసైన్‌మెంట్ పెట్టడానికి ఆఖరి రోజు. నాన్న ఫోను పుచ్చుకుని, తమ్ముడి బండి మీద ఎదుర్లంక వెళ్లాను. గోదావరి పాయ గౌతమికి అవతల యానాం. అది పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి అక్కడ నెట్ ఉంది. ఆ సిగ్నల్ ఇవతలి గట్టుకు కాస్త తగిలేది. వెళ్లి చూస్తే అక్కడొక తీర్థమే! సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు తలకు తువ్వాళ్లు చుట్టుకుని, ల్యాప్‌టాప్‌లు ఒళ్లో పెట్టుకుని చెట్ల కింద కూర్చున్నారు. ముంజలమ్మే తాత నన్ను చూసి "ఉద్యోగమా అమ్మా, పరీక్షా?" అన్నాడు.

నాది చేత్తో రాసి ఫొటోలు తీసిన ఇరవై రెండు పేజీల ఫైలు, పద్నాలుగు ఎంబీ. సగం దాకా ఎక్కేది, ఆగిపోయేది. మూడోసారికి పూర్తయ్యాక, ఫైలు ఐదు ఎంబీ దాటకూడదని ఎర్ర అక్షరాలు వచ్చాయి. ఆ ముక్క ముందే చెప్పి ఏడవచ్చు కదా! పక్కనున్న ఉద్యోగి ఒకాయన జాలిపడి, తన ల్యాప్‌టాప్‌లో దాన్ని కుదించి ఇచ్చాడు. తీరా కాలేజీ తెరిచాక లెక్చరర్ గారు "ఆ కాగితాలు కూడా తెచ్చి ఇవ్వండి" అన్నారు. రాయించి, ఫొటో తీయించి, మళ్లీ కాగితాలే అడగడానికి ఈ-లెర్నింగ్ అని పేరు.

నేను స్టాటిస్టిక్స్ నేర్చుకున్నది మాత్రం ఎన్‌పీటెల్‌లోనే. ఆ రోజు డేటాలో మిగిలింది అర్ధరాత్రితో పోతుంది కాబట్టి ఆలోపే వీడియో దించుకుని, అరుగు మీద కూర్చుని వినేదాన్ని. మాస్టారి ఇంగ్లీషు అందకపోతే వెనక్కి జరపడం, అప్పటికీ అందకపోతే అచ్చులో ఇచ్చిన పాఠం చదువుకోవడం. దించుకుని దాచుకునే వీలుంటే చాలు, పల్లెటూరి పిల్లలు చదువుకుంటారు. లైవ్ క్లాసులు, హాజరు లింకులు అన్నీ తీసి గోదావరిలో కలిపినా నష్టం లేదు.

పాఠం ఉచితమే. సర్టిఫికెట్ కావాలంటే మాత్రం అప్పట్లో పరీక్షకు 1000 రూపాయలు కట్టి, కేంద్రానికి వెళ్లి రాయాల్సి వచ్చేది. అంటే మాకు కాకినాడ ప్రయాణం. అడిగితే నాన్న "ఉచితమన్నావు కదమ్మా?" అన్నారు. చెరువుకు తెల్లమచ్చ తెగులు తగిలిన నెల అది. మళ్లీ అడగలేదు. పన్నెండు వారాల పాఠాలూ విన్నాను, పరీక్ష రాయలేదు. ఎన్‌పీటెల్ లెక్కల్లో నేను మధ్యలో మానేసినదాన్నే అయి ఉంటాను.