మేనల్లుడికి నడక బూట్ల గురించి ఒక ఉత్తరం

విజయనగరం

చిరంజీవి మేనల్లుడికి మీ మావయ్య ఆశీర్వదించి వ్రాస్తున్న ఉత్తరం.

నువ్వు ఫోనులో పంపిన నాలుగు జతల ఫొటోలూ చూశాను. నాలుగూ చీలమండ దాటి పైకి వచ్చే తోలు బూట్లే. నాలుగింటి మీదా లోపలికి నీళ్ళు చొరవని రాసి ఉంది. వారమంతా శ్రీకాకుళంలో బ్యాంకు పనికీ, ఆదివారాలు మిత్రులతో కలిసి శాలిహుండం, రామతీర్థం, పుణ్యగిరి వంటి చిన్న కొండలు ఎక్కడానికీ ఒకే జత సరిపోవాలన్నది నీ కోరిక గనుక, ఆ నాలుగింటిలో ఏదీ కొనవద్దని ముందుగానే చెబుతున్నాను. సర్వే శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా గట్ల మీదా, గరువుల మీదా, కొండవాలుల్లోనూ నడిచినవాణ్ణి. బూటు విషయంలో నేను పడ్డ బాధ నువ్వు పడకూడదని కాస్త వివరంగానే రాస్తున్నాను.

ఆ బూట్లు చెడ్డవని నేను అనడం లేదు. మంచు పడే చోట, బరువు మోస్తూ రోజుల తరబడి నడిచే చోట అటువంటివే కావాలి. మన వైపు కాలికి కష్టం చలివల్ల రాదు, చెమటవల్ల వస్తుంది. ఒక్కొక్క పాదంలో లక్షకు పైగా స్వేదగ్రంథులు ఉంటాయి. సముద్రపు గాలిలోని తేమకు మే నెలలో ఒంటి మీద చొక్కాయే ఆరదు, ఇక తోలుతో మూసిన పాదం ఎలా ఆరుతుంది? నీళ్ళు ఆపే పొర లోపలి ఆవిరిని మాత్రం బయటికి వదులుతుందని అమ్మేవాళ్ళు చెబుతారు. అది కొంతవరకు నిజమే. అయితే బయటి గాలి చల్లగా, పొడిగా ఉన్నప్పుడే ఆ ఆవిరి చురుకుగా బయటికి పోతుంది. బయట కూడా ఉక్కగా ఉంటే అది లోపలే నిలిచి మేజోడును తడిపేస్తుంది.

దీన్ని నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తరువాత, నష్టం వివరాలు రాయడానికి వెళ్ళిన బృందాల్లో నేనూ ఉన్నాను. ఉద్దానంలో కొబ్బరిచెట్లూ జీడితోటలూ నేలకూలి దారులు మూసుకుపోవడంతో, ఒక తోట నుంచి మరో తోటకు నీళ్ళలోనూ బురదలోనూ నడవవలసి వచ్చింది. తుపాను ప్రాంతం కదా అని నేను నీళ్ళు చొరని తోలు బూట్లు తొడుక్కుని వెళ్ళాను. మొదటి రోజు మధ్యాహ్నమే ఒక గుంటలో కాలు మోకాలి దాకా దిగబడింది. పైనుంచి చేరిన నీరు పోయే దారి లేక బూటులోనే నిలిచిపోయింది. ఆ రాత్రి మేము దిగిన బడి వరండాలో బూటు వంచితే గ్లాసుడు నీళ్ళు కారాయి. కరెంటు లేదు, ఫ్యాను లేదు, ఎండ లేదు. మూడు రోజులైనా ఆ తోలు ఆరలేదు. నాలుగో రోజుకు వేళ్ళ సందులు తెల్లగా నాని, ఒరిసి, చర్మం పొరలుగా ఊడడం మొదలైంది. నాతో వచ్చిన కుర్ర ఉద్యోగి మాత్రం వల బట్టతో చేసిన మామూలు నడక బూట్లు వేసుకున్నాడు. అతని పాదాలూ రోజూ తడిసేవి. కాని రాత్రి బూటును రెండుసార్లు విదిలించి, లోపల పాత దినపత్రికలు కుక్కి, ఒక గంటకు ఆ కాగితాలు మార్చి పెడితే, తెల్లారేసరికి తొడుక్కోదగినంతగా ఆరేవి. తడవకుండా ఉండడం కంటే త్వరగా ఆరడం ముఖ్యమని నాకు అప్పుడు తెలిసింది. అప్పటి నుంచి నేను కొన్న ప్రతి జతా వల బట్టదే.

అందుచేత నువ్వు వెతకవలసింది చీలమండ కింద వరకే ఉండి, పైభాగం వల బట్టతో అల్లి, కింద గట్టి పట్టు ఉన్న రబ్బరు సోలు ఉన్న తేలిక బూటు. గాలి ఆడుతుందో లేదో దుకాణంలోనే చూడవచ్చు. బూటు లోపల అరచేయి పెట్టి, బయటనుంచి నోటితో ఊదు. చేతికి గాలి తగిలితే సరే. పైకి వలలాగే కనిపిస్తూ లోపల దళసరి స్పాంజి అతికించిన బూట్లు కొన్ని ఉంటాయి, వాటిలో ఊపిరి అవతలికి రాదు. వేళ్ళ ముందు భాగంలో మాత్రం రబ్బరో, గట్టి తొడుగో ఉండాలి, ఎందుకంటే కొండ దారిలో రాయి తగిలేది అక్కడే. నువ్వు రోజూ బండి మీద వెళ్తావు గనుక మరో సంగతి కూడా గమనించు. గేరు రాడ్డు రాసుకుని ఎడమ బూటు పైభాగం అన్నిటికంటే ముందు చిరుగుతుంది. ఆ చోట వల కాకుండా దళసరి బట్టగాని, కుట్టిన పట్టీగాని ఉన్న జతను ఎంచుకో, లేదా గేరు రాడ్డుకు రబ్బరు తొడుగు వేయించు. రంగు నలుపో ముదురు బూడిదో అయితే ప్యాంటు కింద బ్యాంకులో ఎవరూ ఎబ్బెట్టుగా చూడరు.

చీలమండకు ఆధారం లేకపోతే కాలు మెలిపడదా అని నువ్వు అడుగుతావని తెలుసు. వీపున పెద్ద బరువు లేకుండా, మెట్లూ కాలిబాటలూ ఉన్న చోట నడిచేవాడికి ఎత్తు బూటు కంటే మడమను గట్టిగా పట్టుకునే బూటే ఎక్కువ మేలు చేస్తుంది. బూటు వెనక భాగాన్ని రెండు వేళ్ళతో నొక్కి చూడు. మెత్తగా లోపలికి ముడుచుకుపోతే దాన్ని పక్కన పెట్టు. తరువాత బూటు రెండు కొసలూ పట్టుకుని వంచు. మన పాదం వేళ్ళ మొదట్లో వంగుతుంది, బూటు కూడా సరిగ్గా అక్కడే వంగాలి. నడిమధ్యన పుస్తకంలా మడతపడే బూటుతో రెండు గంటలు నడిస్తే అరికాలి నరాలు లాగేస్తాయి. ఇక తడి గుడ్డ పిండినట్టు మెలితిప్పి చూడు. కొంచెం తిరగాలి గాని పూర్తిగా తిరిగిపోకూడదు.

సోలు గురించి చాలామంది పొరబడతారు. గాడులు ఎంత లోతుగా ఉంటే అంత పట్టు అనుకుంటారు. ఆ గాడులు ఉపయోగపడేది మట్టిలో, వదులు గులకలో, బురదలో. మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతు మన దారులకు చాలు. నున్నని తడి రాతి మీద పట్టు నిచ్చేది రబ్బరు మెత్తదనం. బొటనవేలి గోరుతో సోలును నొక్కితే గోరు కాస్త దిగి, వదలగానే గుర్తు మాసిపోవాలి. గోరు జారిపోతే అది ప్లాస్టిక్ వంటి గట్టి సరుకు. పుణ్యగిరిలో నీటి ధారల దగ్గరి బండల మీద అటువంటి సోలుతో అడుగు పెట్టకు. నాచు పట్టిన రాయిని మాత్రం ఏ బూటునూ నమ్మి తొక్కవద్దు, చుట్టూ తిరిగి వెళ్ళు. సోలుకూ పాదానికీ మధ్య ఉండే మెత్త సాధారణంగా ఈవీఏ అనే నురుగుతో చేస్తారు, తేలికగా ఉంటుంది. అది మరీ మెత్తగా, దూది మీద నిలబడ్డట్టు అనిపిస్తే దుకాణంలో హాయిగానే ఉంటుంది గాని, రాళ్ళ దారిలో పాదం అటూ ఇటూ ఊగుతుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, కొలత. పొద్దున దుకాణానికి వెళ్ళకు. నిలబడి, నడిచి, సాయంత్రానికి పాదం ఉబ్బుతుంది. ఆ ఉబ్బిన పాదానికి పట్టేదే కొండ మీద కూడా పడుతుంది. బయలుదేరే ముందు ఇంట్లో నేల మీద తెల్ల కాగితం పరిచి, మడమ గోడకు ఆనించి, బరువంతా ఆ కాలి మీద వేసి నిలబడు. అన్నిటికంటే పొడవైన వేలి కొన దగ్గర పెన్సిలుతో గీత గీయమని మా చెల్లితో చెప్పు. నువ్వే వంగి గీస్తే బరువు వెనక్కి పోయి కొలత తప్పుతుంది. చాలామందికి బొటనవేలి కంటే పక్క వేలు పొడుగు, చాలామందికి ఒక పాదం రెండోదానికంటే పెద్దది. రెండూ కొలిచి, పెద్ద పాదానికి కొను. మన దుకాణాల్లో ఎక్కువగా యూకే నంబర్లే చెబుతారు. యూకే 8 అంటే మగవారి అమెరికా కొలతలో 9, యూరపు కొలతలో దాదాపు 42. యూకే లెక్కలో ఒక నంబరుకూ మరో నంబరుకూ మధ్య తేడా అంగుళంలో మూడో వంతు, అంటే సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. అర నంబరు దొరికితే అడిగి తీసుకో, ఆ నాలుగు మిల్లీమీటర్ల తేడా కాలికి బాగా తెలుస్తుంది. నంబరు చూసి మాత్రమే ఇంటికి తెప్పించుకోవద్దు, ఒక తయారీదారు 8కీ మరొకరి 8కీ పొంతన ఉండదు.

దుకాణంలో తొడుక్కునేటప్పుడు నువ్వు నడకకు వేసుకునే మేజోళ్ళనే వేసుకో. రెండు కాళ్ళకూ తొడిగి, లేసులు పూర్తిగా బిగించి లేచి నిలబడు. పొడవైన వేలికి ముందు బొటనవేలు వెడల్పు ఖాళీ ఉండాలి. వేళ్ళు లోపల విసనకర్రలా విప్పుకోగలగాలి. చిటికెనవేలు పక్క గోడను నొక్కితే అది వాడగా వాడగా సాగుతుందని దుకాణదారు చెబుతాడు. తోలు కొంత సాగుతుంది గాని, వల బట్టకు కుట్టిన పట్టీలు సాగవు. అతని మాట వినకు. ఆ తరువాత దుకాణం ముందు బండ్లు ఎక్కించడానికి కట్టిన వాలు ఉంటుంది చూడు, దాని మీద కిందికి నాలుగైదు సార్లు గట్టిగా అడుగులు వేస్తూ దిగు. వేళ్ళ కొసలు ముందుకు తగిలితే ఆ జత ఎంత నచ్చినా వదిలెయ్యి. ఎక్కేటప్పుడు బూటు లోపం బయటపడదు. రామతీర్థంలో బోడికొండ మెట్లు దిగేటప్పుడు ప్రతి మెట్టు దగ్గరా గోరు బూటుకు తగులుతూ ఉంటే, మర్నాటికి ఆ గోరు కింద రక్తం గూడుకట్టి నల్లబడుతుంది. నాకు అలా పోయిన గోరు మళ్ళీ పూర్తిగా రావడానికి సంవత్సరం దగ్గర దగ్గర పట్టింది.

దిగేటప్పుడు మడమ కదలకుండా ఉండడానికి లేసు కట్టే తీరు ఒకటి ఉంది. బూటు పైన చివర, మామూలు రంధ్రాలకు కొంచెం వెనకగా అదనంగా ఒక రంధ్రం ఉంటుంది. చాలామంది దాన్ని వదిలేస్తారు. లేసును అదే పక్కనున్న ఆ రంధ్రంలోకి దూర్చి చిన్న ఉచ్చులా వదులు, రెండో పక్కా అలాగే చెయ్యి. ఇప్పుడు కుడి లేసును ఎడమ ఉచ్చులోంచీ, ఎడమ లేసును కుడి ఉచ్చులోంచీ తీసి, కిందికి లాగి ముడి వెయ్యి. మీగాలి మీద ఒత్తిడి పడకుండా మడమ వెనక్కి అతుక్కుపోతుంది. ఎక్కేటప్పుడు మామూలుగా కట్టుకుని, దిగే ముందు ఇలా మార్చుకుంటే చాలు. గుడి దగ్గర ఎలాగూ బూట్లు విప్పి పెడతావు గనుక, తిరిగి తొడుక్కునేటప్పుడే ఈ పని చేసుకోవచ్చు.

మేజోళ్ళ సంగతి క్లుప్తంగా చెబుతాను. పూర్తి నూలువి కొనకు. నూలు చెమటను పీల్చుకుని తడిగానే ఉండిపోతుంది, తడి చర్మాన్నే బూటు కరుస్తుంది. నైలానో పాలిస్టరో కలిసిన, కుట్టు వేళ్ళ మీద ఒత్తుకోని పలుచని మేజోళ్ళు మేలు. ఇంకొక జత సంచిలో పెట్టుకో. కొండ మీద కూర్చున్నప్పుడు బూట్లు విప్పి, పాదాలకు పది నిమిషాలు గాలి తగలనిచ్చి, పొడి జత వేసుకుని దిగు.

కొత్త బూట్లతో నేరుగా కొండకు వెళ్ళకు. రెండు వారాలు బ్యాంకుకు వేసుకో, నాగావళి ఒడ్డున సాయంత్రాలు గంటసేపు నడువు. ఎక్కడైనా వేడిగా రాసుకుంటున్నట్టు అనిపిస్తే బొబ్బ లేచే దాకా ఆగకుండా అప్పుడే అక్కడ ప్లాస్టరు అంటించు. మోచీ దగ్గర సోలు చుట్టూ ఒక కుట్టు వేయించుకుంటే ఇంకా మంచిది, మన ఎండలకు జిగురు ఒక్కటే నిలవదు. బూట్లు తడిస్తే లోపలి అట్ట బయటికి తీసి, నీడలో గాలికి ఆరబెట్టు. ఎండలో పెట్టినా, వేడి పొయ్యి దగ్గర పెట్టినా జిగురు విడిపోతుంది. వాకిట్లో వదిలిన బూటును బోర్లించి తట్టకుండా ఏనాడూ కాలు పెట్టకు, తేళ్ళకు ఆ చీకటి ఇష్టం.

ఇంకొక మాట. మంచి జత కదా, పండక్కి వేసుకుందామని పెట్టెలో దాచవద్దు. నేను ఒకసారి ఖరీదైన జత కొని నాలుగేళ్ళు అటక మీద దాచాను. శివరాత్రికి తీసి పుణ్యగిరికి వేసుకు వెళ్తే సగం మెట్లలో సోలు రస్కులా పొడిపొడిగా రాలిపోయింది. మిగిలిన సగం, ఆ తరువాత దిగడమంతా ఉత్త కాళ్ళతోనే. పాలీయురేథేన్ అనే నురుగుతో చేసిన సోలు గాలిలోని తేమకు లోలోపలే విరిగిపోతుందనీ, వాడకుండా మూసి ఉంచితే అది ఇంకా త్వరగా జరుగుతుందనీ తరువాత తెలిసింది. అందుకే తగ్గింపు ధరకు వచ్చిందని పాత సరుకు కొనకు, పెట్టె మీద తయారైన నెల, సంవత్సరం చూడు. రోజూ వాడే ఈవీఏ బూటుకు కూడా వయసు ఉంటుంది. ఎనిమిది వందల కిలోమీటర్లు నడిచేసరికి ఆ మెత్త అణగిపోతుంది. పైకి కొత్తగా కనిపించినా మోకాళ్ళు నొప్పి పెడుతున్నాయంటే ముందు బూటును అనుమానించు.

వచ్చే శనివారం నేను శ్రీకాకుళం వస్తున్నాను. సాయంత్రం అయిదు తరువాత ఏడు రోడ్ల కూడలి దగ్గర కలుద్దాం. పెన్సిలు గీత గీసిన కాగితం, నడకకు వేసుకునే మేజోళ్ళు మరచిపోకుండా తీసుకురా. అమ్మకు నా మాటగా ఆశీస్సులు చెప్పు.

ఇట్లు,
మీ మావయ్య