పదకొండు ‘గానీ’లు

తెనాలి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. ముందు ఒక సంగతి. నన్ను మేడమ్ అనకు. నీ వయసు మనవడున్నాడు నాకు. అమ్మమ్మా అంటే పలుకుతాను.

కథ రెండుసార్లు చదివాను. రెండోసారి ఎర్ర పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను. పన్నెండు పేజీల్లో ‘గానీ’ అన్న మాట పదకొండుసార్లు వచ్చింది. “నల్లగా, లావుగా ఉంటుంది గానీ గొంతు తేనె.” “ముఖం రెండోసారి చూడబుద్ధి కాదు గానీ పాట ఎత్తుకుంటే మతి పోతుంది.” “ఎత్తు పళ్ళు గానీ పలుకు స్పష్టం.” ఈ మూడూ మొదటి పేజీలోనే ఉన్నాయి. మూడో పేజీకి వచ్చేసరికి నీ మీద కోపం వచ్చింది. ఈ ఉత్తరం ఆ కోపం మీదే రాస్తున్నాను, ముందే చెబుతున్నా.

బ్రిటన్‌లో ఒక టీవీ పోటీలో పాడి ఒక్కసారిగా పేరుకెక్కిన సుసాన్ బాయిల్ వీడియో చూసి ఈ కథ రాశానని నువ్వే చెప్పావు. దాచుకోలేదు, మంచిదే. నేనూ చూశాను. 2009లో మా అమ్మాయి కంప్యూటర్లో పెట్టి చూపిస్తే కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. పోయిన వారం నీ కథ చదివాక మళ్ళీ పెట్టించుకుని, ఈసారి చప్పుడు మొత్తం తీసేసి చూశాను. నువ్వూ ఒకసారి అలా చూడు.

మొదట తెర వెనక కూర్చుని శాండ్‌విచ్ తింటూ కనిపిస్తుంది ఆవిడ. తర్వాత వేదిక మీదికి వస్తుంది. వయసెంత అంటే 47 అంటుంది, నడుం ఒకసారి అటూ ఇటూ ఊపుతుంది. జనం ఈలలు. ఎవరిలాంటి గాయని అవుదామని నీ కోరిక అంటే, అక్కడి నాటకాల్లో పేరున్న ఎలేన్ పేజ్ పేరు చెబుతుంది. ఆ మధ్యలోనే కెమెరా వెళ్ళి ప్రేక్షకుల్లో ఒక పిల్ల మొహాన్ని పట్టుకుంటుంది, కళ్ళు గుండ్రంగా తిప్పుతుంటుంది ఆ పిల్ల. ఆ తర్వాత పాట. జడ్జీల్లో సైమన్ కోవెల్ కనుబొమలు పైకి లేస్తాయి, అమాండా హోల్డెన్ నోరు తెరుస్తుంది, హాలంతా లేచి నిలబడుతుంది. పక్కన నిలబడ్డ వ్యాఖ్యాతల్లో ఒకడు కెమెరా వైపు తిరిగి, మీరిది ఊహించలేదు కదూ అని అడుగుతాడు.

ఎవర్ని అడిగాడనుకున్నావు? మనల్ని! మనం ఏం ఊహించామో అతనికెలా తెలుసు? ఊహ మన బుర్రలో పెట్టింది వాళ్ళే గనక తెలుసు. అలాంటి పోటీల్లో ఆ పెద్ద జడ్జీల ముందుకి ఎవరూ వీధిలోంచి తిన్నగా రారు. అంతకు ముందే కార్యక్రమం వాళ్ళు పాడించి వింటారు. ఆ గొంతు సంగతి తెలిసినవాళ్ళే శాండ్‌విచ్ ముక్కని ముందు చూపించారు.

మరి చూపించనిది ఏమిటి? స్కాట్లండ్‌లో వెస్ట్ లోథియన్ ప్రాంతంలో బ్లాక్‌బర్న్ అనే చిన్న ఊరు ఆవిడది. చర్చిలో పాడేది. పాట మాస్టారి దగ్గర నేర్చుకుంది. 1995లో ఇంకో టీవీ కార్యక్రమానికి ఆడిషన్ ఇచ్చి భంగపడి వచ్చింది. 1999లో ఆ చుట్టుపక్కల వాళ్ళు ఒక మంచి పని కోసం సీడీ వేస్తే అందులో ఒక పాట పాడింది. వేసింది వెయ్యి కాపీలు. తర్వాత ముసలి తల్లిని చూసుకుంటూ ఉండిపోయింది. 2007లో తల్లి పోయింది. 2009 జనవరిలో గ్లాస్గోలో ఆ వేదిక ఎక్కింది, ఏప్రిల్ 11న ప్రసారమైంది. ఎన్నేళ్ళ పాట అది! చూసినవాళ్ళకి మాత్రం ఒక్క రాత్రిలో ఆకాశం నుంచి ఊడిపడింది.

ఆవిడ ఎంచుకున్న పాట ఏమిటో కూడా చూడు. ‘లే మిజరబుల్’ సంగీత నాటకంలో అన్నీ పోగొట్టుకున్న ఒక ఆడమనిషి, చెదిరిన కల గురించి పాడేది. నలభై ఏడేళ్ళ మనిషి ఏరికోరి ఆ పాట తెచ్చుకుందంటే దాని వెనక ఒక బుర్ర ఉంది, ఒక రుచి ఉంది. దాని గురించి ఎవరైనా మాట్లాడారా? నువ్వైనా రాశావా?

ఇలా సంగతి దాచిపెట్టి చివర్లో ఆశ్చర్యపరచడాన్ని మన పత్రికల్లో కొసమెరుపు అనేవాళ్ళు. నా జన్మలో సగం ఆ కొసమెరుపు చేతిలో నాశనమైంది. ఒక వారపత్రిక ఎడిటర్ నా కథలు తొమ్మిది తిప్పి పంపాడు. ప్రతిదాని మీదా ఒకటే ముక్క, “చివర మెరుపు లేదు.” పదోది తీసుకుని బస్సెక్కి విజయవాడ ఆఫీసుకే వెళ్ళాను. చేతిలో గుడ్డసంచి, నేతచీర. గుమ్మం దగ్గర ఆయనే ఎదురై “అప్పడాలా అమ్మా? ఇక్కడెవరూ తీసుకోరు” అన్నాడు. పేరు చెప్పాను. నాలిక కరుచుకుని, కుర్చీ వేయించి, కాఫీ తెప్పించి, వచ్చిన ప్రతివాడికీ “చూడ్డానికి ఇలా ఉన్నారు గానీ ఈవిడ రచయిత్రి” అని చూపించాడు. నాలుగుసార్లు అన్నాడు. పదో కథ వేసుకున్నాడు కూడా. ఆ రోజు ఇంటికి వస్తూ నేను సంతోషంగానే ఉన్నాను, నిజం చెప్పాలి. అప్పడాల బేరం గుర్తొచ్చి ఒళ్ళు మండటానికి కొన్నేళ్ళు పట్టింది. ఈ రోజుల్లో ఎడిటర్లు ఫోటో కూడా పంపమంటున్నారు. కథకి ఫోటో ఎందుకో!

ఈ ‘గానీ’ ఎక్కడ పుట్టిందో నాకు బాగా తెలుసు. పెళ్ళిచూపుల్లో పుట్టింది. టీవీ పోటీలు మొన్నటివి. మన ఆడపిల్లల్ని చాప మీద కూర్చోబెట్టి పాడించడం ఏనాటిది?

మా పెద్దక్క సంగతి చెబుతాను. మధ్యవర్తి మాట ఖాయం చేసిందే “ఛాయ కాస్త తక్కువ గానీ పిల్ల పాట బాగా పాడుతుంది” అని. మగపెళ్ళివారు వచ్చారు. సొజ్జప్పాలు, బజ్జీలు అయ్యాయి. మా నాన్న గొంతు సవరించుకుని “ఒక కీర్తన పాడమ్మా” అన్నాడు. అక్క తలెత్తకుండా పాడింది. పెళ్ళికొడుకు మేనత్త ముక్కు మీద వేలేసుకుని “ఇంత గొంతు ఈ పిల్లదా!” అంది. అందరూ అబ్బో అబ్బో అన్నారు. మా అమ్మ మొహం వెలిగిపోయింది. ఆ రాత్రి అక్క అన్నం తినలేదు. పక్కలో పడుకుని నా చెవిలో “చరణంలో తాళం తప్పానే. ఒక్కళ్ళకీ తెలియలేదు” అంది.

ఎలా తెలుస్తుంది? ఆశ్చర్యంతో చెవులు మూసుకుపోయాయి వాళ్ళకి.

ఆ సంబంధం కుదరలేదు. కట్నం దగ్గర ఆగింది. అక్క విజయవాడ ఆకాశవాణికి ఆడిషన్‌కి వెళ్ళింది. తోడు నేనే. అక్కడ పాడేవాళ్ళు ఒక గదిలో, వినేవాళ్ళు ఇంకో గదిలో. ఎదురుగా మైకు, ఒక ఎర్ర దీపం, అంతే. నీ పేరేమిటో, ఛాయేమిటో వాళ్ళకి పట్టదు. మొదటిసారి తప్పించారు అక్కని. ఏడుస్తుందేమోనని నేను భయపడుతుంటే, బస్టాండులో జామకాయ కొరుకుతూ “వీళ్ళు విన్నారే” అంది. ఆర్నెల్లు తాళం పట్టుకుని కూర్చుంది. రెండోసారి తీసుకున్నారు.

నాయనా, నీ కథలో జడ్జీలు మేనత్తలు. నువ్వు కూడా మేనత్తవే. నీ నాయిక గొప్ప గాయని అని పన్నెండు పేజీలు మొత్తుకున్నావు. ఏం పాడింది? ఏ స్థాయిలో ఎత్తుకుంది? ఊపిరి ఎక్కడ తీసుకుంది? ఎక్కడ తడబడి ఎలా సర్దుకుంది? ఒక్క ముక్క లేదు. ఆమె పళ్ళ గురించి మాత్రం మూడు చోట్ల ఉంది.

ఘంటసాల విజయనగరంలో ఇల్లిల్లూ తిరిగి మధూకరం అడుక్కుని సంగీత కళాశాలలో చదువుకున్నాడని ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటాం. ఆయన గొంతు వెనక ఆకలి ఉందనీ, సాధన ఉందనీ మనకి తెలుసు. 2018లో తూర్పుగోదావరి వడిశలేరు నుంచి బేబీ అనే ఆవిడ ‘ఓ చెలియా’ పాడిన వీడియో ఊరూరా తిరిగింది. రెహమానే తన పేజీలో పెట్టాడు. ఆ రోజుల్లో నా చెవిన పడ్డ ప్రతి పరిచయంలోనూ కూలిపని గానీ, చదువు లేదు గానీ! ఎవరి దగ్గర విని నేర్చుకుంది, ఎన్నిసార్లు పాడి ఆ పాటని లొంగదీసుకుంది అని అడిగినవాళ్ళు నాకు తగల్లేదు. ఒకరి గొంతుకి చరిత్ర ఉంటుంది, ఇంకొకరి గొంతు వింత. ఈ తేడా ఎవరికి ఎలా పంచుతున్నామో నువ్వే లెక్క వేసుకో.

నిన్ను తిట్టడానికి నాకు అర్హత ఉందా అంటే, లేదు. 1978లో నేనూ ఒక కథ రాశాను. మా చేలో నాట్లకి వచ్చే ఒకామె పాట మీద. సంక్రాంతి పోటీలో రెండో బహుమతి. ఎవరో చదివి వినిపించినట్టున్నారు, మర్నాడు దొడ్డివైపు వచ్చి నిలబడింది. “అమ్మాయిగారూ, నా మీద రాశారంట గదా” అంది. గర్వంగా అవునన్నాను. “నేనంత అసయ్యంగా ఉంటానా?” అని అడిగింది. కోపంగా కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. మొదటి రెండు పేరాలూ ఆమె గారపళ్ళ గురించీ మడమల పగుళ్ళ గురించీ రాశాను మరి. ఆమె పాటలోది ఒక్క చరణం లేదు కథలో. గట్టు మీద గొడుగు వేసుకుని నిలబడి చూశానే గానీ వినలేదు నేను. ఆ బహుమతి డబ్బుతో కొన్న గోడ గడియారం ఇంకా నడుస్తూనే ఉంది, దిక్కుమాలింది.

నీ కథ చప్పట్ల దగ్గర ఆగింది. అసలు కథ అక్కడ మొదలవుతుందని నా అనుమానం. ఆ స్కాట్లండ్ ఆవిడ ఆ తర్వాత జుట్టుకి రంగు వేసుకుంటే అదొక వార్త అయింది. జుట్టు చెదిరి ఉంటే నవ్వినవాళ్ళే, దువ్వుకుంటే మారిపోయిందన్నారు. మే 30న ఫైనల్లో డైవర్సిటీ అనే నాట్యబృందం గెలిచింది, ఆవిడ రెండో స్థానం. ఆ వెంటనే ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది. నవంబరులో ఆల్బమ్ వస్తే బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ మొదటి స్థానానికి వెళ్ళింది. పుట్టినప్పుడే మెదడు దెబ్బతిందని చిన్నప్పటి నుంచీ ఆవిడ మీద ఒక ముద్ర. బళ్ళో పిల్లలు పేరు వంకర చేసి పిలిచేవాళ్ళు. తనకున్నది ఆస్పర్జర్స్ అనే ఒక రకం ఆటిజం అని డాక్టర్లు తేల్చిన సంగతి 2013లో తనే బయటపెట్టింది. ఏభై దాటాక! తనకేమిటో తనకి ఒక పేరు దొరకడం ఎలా ఉంటుందో, అది రాయగలవా నువ్వు? నేనైతే రాయలేను.

నువ్వు అడిగిన ప్రశ్నలు ఐదు. కలం పేరు పెట్టుకోవాలా అన్నావు, అక్కర్లేదు. మిగతావి రాసుకున్న కాయితం కళ్ళజోడు పెట్టెలో పెట్టాను, ఇప్పుడు కనపడటం లేదు. ఆ, ఇంకోటి. మొదట్లో వేమన గారి ఉప్పు కప్పురం పద్యం పెట్టావు. తీసెయ్యి. బడిలో ప్రతి పిల్లకాయకీ వచ్చు అది. పైగా నాకు ఎప్పట్నుంచో ఆ ఉప్పు మీద జాలి. కప్పురం లేకుండా నేను నెలలు గడుపుతాను. ఉప్పు లేకుండా నువ్వు ఒక పూట పప్పన్నం తిని చూపించు.

నాలుగో పేజీ బాగుంది. ఆ పిల్ల పిండిమరలో పనికి కుదిరి, మర తిరుగుతున్నంత సేపూ ఎవరికీ వినపడదని గొంతెత్తి పాడుకోవడం, కరెంటు పోయి మర టక్కున ఆగేసరికి పాట మధ్యలో దొరికిపోవడం. డబ్బాలు పట్టుకుని వరసలో నిలబడ్డ ఆడవాళ్ళంతా ఆమె వైపు తిరగడం. ఆ పేజీలో ‘గానీ’ ఒక్కటీ లేదు, చూసుకున్నావా? అక్కడ నా పెన్సిలు పక్కన పడేశాను.

మిగతా పదకొండు పేజీలూ ఈ కవరులో తిప్పి పంపుతున్నాను. నాలుగోది నా దగ్గరే ఉంచుకున్నాను. కరెంటు పోయినప్పుడు ఆ పిల్ల ఏ పాటలో, ఏ మాట మీద ఉందో నువ్వు రాయలేదు. అది కనుక్కుని రాయి.

అమ్మమ్మ