అమ్మాయి పరుగు కోసం పద్నాలుగు లక్షల అప్పా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. చాలా ఏళ్లుగా బెంగళూరు కె.ఆర్.పురంలో ఉంటున్నాం. నా వయసు 45. వైట్‌ఫీల్డ్‌లో ప్రైవేటు ఉద్యోగం, చేతికొచ్చే జీతం 92,000. నా భార్య ఇంట్లోనే బట్టలు కుట్టి నెలకు సుమారు 15,000 సంపాదిస్తుంది. అమ్మాయికి 17 ఏళ్లు, సెకండ్ పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడాది) పూర్తయింది. 800 మీటర్లు 2 నిమిషాల 11 సెకన్లలో పరిగెత్తింది, రాష్ట్ర స్థాయి పతకాలున్నాయి. డిగ్రీలో చేర్చకుండా రెండేళ్లు పూర్తిగా పరుగుకే వదిలేయమని కోచ్ అంటున్నారు. ఒక క్రీడా నిర్వహణ సంస్థ నెలకు 20,000 ఇస్తామంటూ ఒప్పందం పంపింది. ప్రైవేటు అకాడమీ ఫీజు, ఊటీలో శిబిరం, కెన్యాలోని ఇటెన్‌లో మూడు నెలల శిక్షణ కలిపి 14 లక్షలు కావాలి. 8 లక్షలు వ్యక్తిగత రుణం, 6 లక్షలు బంగారం మీద తీసుకుందామనుకుంటున్నాను. సంస్థ ఇచ్చే 20,000తో వాయిదాలు సర్దుకుంటాయి. 1.6 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. వచ్చే మార్చిలో చిట్టీ 3 లక్షలు చేతికొస్తుంది. నిరుడు అమ్మాయి కాలి ఎముకకు స్ట్రెస్ ఫ్రాక్చర్ (పదేపదే పడే ఒత్తిడికి వచ్చే సన్నటి చీలిక) అయింది, ఇప్పుడు బాగానే ఉంది. ముందుకు వెళ్లవచ్చా?

జవాబు: అప్పు చేయకండి. అమ్మాయిని పరుగు మానిపించమని నేను చెప్పడం లేదు. ఈ డబ్బుతో, ఈ వరుసలో మాత్రం వద్దు.

మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన సంగతిని మీరు చివర్లో ఒక్క వాక్యంలో దాటేశారు. మీరు జతచేసిన ఖర్చుల కాగితం మిగతాది చెబుతోంది. ఆ ఫ్రాక్చర్‌తో అమ్మాయి పది వారాలు ట్రాక్ ఎక్కలేదు. ఎమ్మారై, డాక్టరు ఫీజులు, మూడు నెలల ఫిజియోథెరపీ, కొత్త బూట్లు కలిపి 58,000 అయింది. ఆస్పత్రిలో చేర్చలేదు కనుక ఆఫీసు ఆరోగ్య బీమా రూపాయి కూడా ఇవ్వలేదు. మొత్తం క్రెడిట్ కార్డు మీద గీకి, వాయిదాలుగా మార్చుకున్నారు. నెలకు 5,600 చొప్పున ఇంకా కడుతూనే ఉన్నారు. 58,000 ఖర్చును తట్టుకోలేక అప్పు చేసిన ఇల్లు 14 లక్షల అప్పును ఎలా మోస్తుంది? మీ పేరు లేకుండా ఈ జవాబును అందరి ముందూ రాయడానికి కారణం ఇదే. పిల్లల ఆటకయ్యే ఖర్చుకు తల్లిదండ్రులు పైసాతో సహా లెక్క వేస్తున్నారు. ఆట ఆగిపోయే నెలలకు మాత్రం ఎవరూ లెక్క వేయడం లేదు.

మీ అంకెలే చూద్దాం. అద్దె 22,000. ఇంటి ఖర్చు 25,000, చిట్టీ 10,000, కలిపి 35,000. కారు ఈఎంఐ 11,500. అబ్బాయి స్కూలు 8,000. అమ్మాయి శిక్షణ, తిండి 13,000. ఎల్‌ఐసీ ప్రీమియం నెలకు 5,000 పడుతోంది. కార్డు వాయిదా కలిపితే 1,00,100. ఇద్దరి సంపాదనా 1,07,000. మిగిలేది 6,900. ఇప్పుడు 8 లక్షల వ్యక్తిగత రుణం 14 శాతం వడ్డీకి నాలుగేళ్లకు తీసుకుంటే ఈఎంఐ 21,860 దగ్గర తేలుతుంది. బంగారం మీద 6 లక్షలకు 10 శాతం అనుకున్నా నెలకు 5,000 వడ్డీ. అసలు అలాగే ఉంటుంది. ఏడాది తిరిగేసరికి 6 లక్షలు తెచ్చి నగలు విడిపించాలి, లేదా మళ్లీ వడ్డీ కట్టి తిరగరాయించాలి. నెలకు దాదాపు 20,000 లోటు. సంస్థ ఇస్తానన్నదీ సరిగ్గా 20,000. అందుకే మీకు లెక్క సరిపోయినట్టు కనిపించింది.

కానీ ఒప్పందంలో మీరే గీత గీసి పంపిన నిబంధన చూడండి. వరుసగా 60 రోజులు పోటీలకు, సాధనకు దూరంగా ఉంటే చెల్లింపు ఆగిపోతుంది. నిరుటి గాయం పది వారాలు, అంటే 70 రోజులు! అదే గాయం ఈ ఏడాది తిరగబెడితే 20,000 రాదు, వైద్యం ఖర్చు కొత్తగా వస్తుంది, ఈఎంఐ తేదీ మాత్రం మారదు. ఇంకో నిబంధన ప్రకారం అమ్మాయి మధ్యలో మానేస్తే సంస్థ పెట్టిన ఖర్చంతా సంరక్షకుడు తిరిగి కట్టాలి. మైనరు చేసుకున్న ఒప్పందం మన చట్టం ప్రకారం చెల్లదు కనుక సంతకం మీ చేత పెట్టిస్తున్నారు. అంటే అది మీ మీద పడే మూడో అప్పు.

నడి దూరం పరిగెత్తేవాళ్లకు పిక్కలోనో మడమలోనో నొప్పి రావడం అనుకోని ప్రమాదం కాదు, ఆ ఆటలో భాగం. అందులోనూ ఎక్కువ గాయాలకు ఆస్పత్రిలో చేరాల్సిన పని ఉండదు. స్కాన్, విశ్రాంతి, వారానికి రెండు మూడు సార్లు ఫిజియో దగ్గరికి తిరగడం, అంతే. 24 గంటల చేరిక ఉంటేనే డబ్బిచ్చే పాలసీ ఇక్కడ పనికిరాదు. వ్యక్తిగత ప్రమాద బీమా ఉందిగా అని కొందరంటారు. నెమ్మదిగా అరిగి చీలిన ఎముకను ప్రమాదంగా ఒప్పించడం కష్టం. చాలా పాలసీల్లో వృత్తి క్రీడాకారులకు మినహాయింపులు కూడా ఉంటాయి. కాబట్టి ఈ ఖర్చుకు ఉన్న ఒకే ఒక్క బీమా మీ సొంత అత్యవసర నిధి. చిట్టీ, కార్డు వాయిదాలు అయిపోయాక మీ ఇంటికి నెలకు 84,500 కావాలి. ఆరు నెలలకు 5 లక్షల పైమాట. అమ్మాయి గాయాల కోసం విడిగా మరో లక్షన్నర. మొత్తం ఆరున్నర లక్షలు. డిపాజిట్, చిట్టీ కలిపితే 4.6 లక్షలు ఉన్నట్టే. మార్చి తర్వాత నెలకు 22,500 మిగులుతుంది. దాన్ని తాకకుండా పోగేస్తే తొమ్మిది నెలల్లో నిధి నిండుతుంది. అప్పటిదాకా ఇటెన్ ఊసెత్తకండి.

ఇది మీ ఇంటికే పరిమితమైన బెంగ కాదు. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ 2025 మేలో దక్షిణ కొరియాలోని గుమిలో 100 మీటర్ల హర్డిల్స్‌లో వరుసగా రెండోసారి ఆసియా స్వర్ణం గెలిచింది. కొద్ది వారాలకే సాధనలో మోకాలు దెబ్బతిని శస్త్రచికిత్స చేయించుకోవాల్సి వచ్చింది. సెప్టెంబరులో టోక్యోలో జరిగిన ప్రపంచ పోటీలకు దూరమైంది. ఆమె తండ్రి సెక్యూరిటీ గార్డు. హైదరాబాద్‌లోని సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రం, ఆ తర్వాత భువనేశ్వర్‌లోని శిక్షణ కేంద్రం వెనక నిలబడ్డాయి కాబట్టి శిక్షణ భారం ఆ ఇంటి మీద పడలేదు. మీ అమ్మాయి వెనక ఉన్నది మీ జీతం ఒక్కటే.

చిన్న వయసులోనే వృత్తిలోకి దిగడం మీద అమెరికాలో ఏళ్ల తరబడి వాదన నడుస్తోంది. రన్నర్ మేరీ కెయిన్ 2013లో 17 ఏళ్లకే కళాశాల జట్టును కాదని నైకీ శిక్షణ బృందంలో చేరింది. బరువు తగ్గమనే ఒత్తిడిలో మూడేళ్లు నెలసరి ఆగిపోయిందని, ఐదు ఎముకలు విరిగాయని 2019లో బయటపెట్టింది. మీ అమ్మాయికి వచ్చిందీ ఎముక గాయమే కనుక ఆమె తిండి, నెలసరి గురించి వాళ్లమ్మ ఒకసారి డాక్టరుతో మాట్లాడటం మంచిది. ఇక స్ప్రింటర్ ఆలిసన్ ఫెలిక్స్ 2003లో హైస్కూలు నుంచే వృత్తిలోకి దిగింది. కానీ అడిడాస్ ఆమె విశ్వవిద్యాలయ ఫీజు కట్టింది, ఆమె డిగ్రీ పూర్తిచేసింది. అంతటి ఒలింపిక్ విజేతకు కూడా తల్లి అవుతున్న సమయంలో నైకీ 70 శాతం తక్కువ ఇవ్వజూపిందని 2019లో ఆమే రాసింది. ఆమెకే అలా జరిగితే, రాష్ట్ర స్థాయి అమ్మాయికి ఇచ్చిన 20,000 మాటను జీతంలా భావించి ఈఎంఐ ముడిపెట్టడం ఏం ధైర్యం?

డిగ్రీ మానిపించవద్దు. బెంగళూరులో క్రీడా కోటాలో సీటిచ్చే కళాశాలలు ఉన్నాయి, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలున్నాయి. రైల్వేల వంటి చోట్ల క్రీడా కోటా ఉద్యోగాలకు చదువు అక్కరకొస్తుంది. హై జంపర్ తేజస్విన్ శంకర్ అమెరికాలో కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఉపకార వేతనంతో చదువుతూనే 2018, 2022లలో అక్కడి జాతీయ కళాశాల టైటిళ్లు గెలిచాడు, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం తెచ్చాడు. ఇప్పుడే వృత్తి ఒప్పందం మీద సంతకం పెడితే ఆ దారి మూసుకుపోయే ప్రమాదముంది. కేంద్ర ప్రభుత్వ ఖేలో ఇండియా పథకానికి ఎంపికైతే నెలకు 10,000 చేతి ఖర్చు, శిక్షణ ఖర్చు వస్తాయి. మైసూరు రోడ్డులోని సాయ్ కేంద్రంలో ఎంపికలు ఎప్పుడో కనుక్కోండి. 800 మీటర్లలో మన దేశపు రన్నర్ టింటు లూకా 2010లో పరిగెత్తిన సమయం 1 నిమిషం 59.17 సెకన్లు. మీ అమ్మాయికి ఇంకా పన్నెండు సెకన్ల ప్రయాణం ఉంది. దానికి ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లలో డిగ్రీ కూడా పూర్తవుతుంది.

సప్లిమెంట్ల డబ్బాలు ఎవరు చెప్పినా కొనకండి. కల్తీ డబ్బా వల్ల డోపింగ్ పరీక్షలో దొరికినా నిషేధం పడేది అమ్మాయికే.

మీ సంగతి కూడా చెప్పాలి. మీకు ఆఫీసు బీమా, ఆ ఎల్‌ఐసీ తప్ప టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే మాత్రమే కుటుంబానికి డబ్బిచ్చే జీవిత బీమా, లేదు. ఈ నెలలోనే కోటి రూపాయలకు తీసుకోండి. ఉద్యోగం పోతే ఆఫీసు ఆరోగ్య బీమా కూడా పోతుంది కాబట్టి కుటుంబానికి విడిగా పది లక్షల పాలసీ ఉండాలి. దరఖాస్తులో అమ్మాయి నిరుటి ఫ్రాక్చర్‌ను దాచకుండా రాయండి. ప్రీమియంల వల్ల నిధి నిండటం రెండు మూడు నెలలు ఆలస్యమైనా పర్వాలేదు.

సంస్థకు ఇలా జవాబు పంపండి: అమ్మాయికి 18 నిండాక మాట్లాడదాం. అప్పుడు కూడా గాయమైతే కనీసం ఆరు నెలలు చెల్లింపు ఆగకూడదు, ఖర్చు తిరిగి కట్టే నిబంధన తీసేయాలి. ఈ రెండూ రాతలో ఒప్పుకుంటేనే లాయరుకు చూపించి సంతకం పెట్టించండి. అలా వచ్చే డబ్బు అమ్మాయి ఖాతాలోనే పడాలి, మొదటి ఏడాది మొత్తం గాయాల నిధికే వెళ్లాలి.